హంతకుడి బాల్యం కష్టాలపాలైతే లోకం జాలిపడాలా?

బ్రాడీపేట_నాలుగో_లైను
మా ఇంటి వెనుక వాటాలో అద్దెకుంటున్న ఆవిడ భర్త మిర్చి యార్డులో కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. చేబదులిచ్చిన 20 వేల రూపాయలు తిరిగి అడిగారన్న కోపంతో, ఏడాదిన్నర కిందట, బాగా తెలిసినవాడే ఆయనను పొడిచి చంపాడు. గత వారం ఒక యూట్యూబ్ ఛానెల్ వారు ఆ హంతకుడి మీద 40 నిమిషాల కార్యక్రమం చేశారు. తండ్రి తాగి వచ్చి కొట్టేవాడట, తల్లి చిన్నప్పుడే పోయిందట, పదేళ్లకే హోటల్లో ప్లేట్లు కడిగాడట. వెనుక వేణువు, మధ్యమధ్య వాన చప్పుడు. చనిపోయిన మనిషి పేరు ఆ 40 నిమిషాలలో రెండుసార్లు వచ్చింది, అందులో ఒకసారి తప్పుగా పలికారు. కింద వందల మంది 'పాపం' అనీ, 'సమాజమే దోషి' అనీ రాశారు.

ఆవిడ ఆ వీడియోను నా ఫోనులోనే చూసింది. ఏడవలేదు. "మా ఆయన కూడా పన్నెండేళ్లకే యార్డులో బస్తాలు కుట్టాడండీ, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదా?" అని మాత్రం అడిగింది. నాకు జవాబు తోచలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను. హంతకుడి గతానికి ప్రజల సానుభూతి దక్కడం న్యాయమేనా?

మిర్చిఘాటు
న్యాయం కాదు. కష్టపడి పెరిగినవాళ్లందరూ కత్తులు పట్టుకుంటే గుంటూరులో సగం మంది జైల్లోనూ, మిగిలిన సగం మంది ఆసుపత్రిలోనూ ఉండేవాళ్లం.

ప్లీడరు_గుమాస్తా
ముందుగా ఒక మాట సరిచేయనివ్వండి. విచారణ పూర్తికాలేదు కనుక అతను ఇంకా నిందితుడే. ఇది పదాల పట్టింపు కాదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్యకు గురైనప్పుడు, పోలీసులు చూపించిన యువకుడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. ఆ మధ్య ఏళ్లలో అతని గతం గురించి బెజవాడ టీ కొట్లలో ఎన్ని కథలు నడిచాయో నాకు గుర్తుంది. గతం చెప్పేవారు జాలి కోసం చెప్పినా, ద్వేషం కోసం చెప్పినా, నేరం రుజువైందని ముందే తీర్మానించుకుని చెబుతారు.

బ్రాడీపేట_నాలుగో_లైను
మీ సవరణను ఒప్పుకుంటున్నాను. అయితే ఆ కార్యక్రమంలో అతనే 'క్షణికావేశంలో చేశాను' అని చెప్పినట్టు అతని బంధువు చెప్పాడు. ఛానెల్ వారికి అది చాలింది.

పటమట_పాఠకురాలు
మిర్చిఘాటు గారి వాదన నేను తరచూ వినేదే, కాని అది సగం దూరమే వెళ్తుంది. బీడీ కాల్చిన వారందరికీ ఊపిరితిత్తుల కాన్సర్ రాదు. అంతమాత్రాన బీడీకీ కాన్సర్‌కూ సంబంధం లేదని ఎవరూ అనరు. దెబ్బలు తింటూ పెరిగిన పిల్లలలో ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్లరన్నది నిజమే. అయినా హింసకు పాల్పడిన వారి జీవితాలను వెనక్కి తిరగేస్తే అదే దెబ్బ, అదే తాగుడు, అదే నడిమధ్యలో ఆగిన చదువు ఎందుకు అన్నిసార్లు కనిపిస్తాయో మనం తెలుసుకోవాలి. తెలుసుకోవడం వేరు, జాలిపడటం వేరు, క్షమించడం ఇంకా వేరు. ఆ ఛానెల్ ఈ మూడింటినీ వేణువు పెట్టి ఒకటే చేసింది.

ఆటోనగర్_మెకానిక్
గత నెలలో నా బండిని వెనుక నుంచి గుద్దినవాడు తన బండి గతమంతా చెప్పాడు. మూడు నెలలుగా బ్రేకులు సరిగా పడటం లేదట. చక్రం విప్పి నేనే చూశాను, అతను చెప్పింది అక్షరాలా నిజం. అయినా నా బండి బాగుచేయించిన డబ్బులు అతని దగ్గరే తీసుకున్నాను.

బందరురోడ్డు_బాలు
బండికి బ్రేకులు మార్చుకోవచ్చు అన్నా. మనిషి బ్రేకులను పదేళ్ల వయసులో ఇంకెవరో విరగ్గొడితే, మార్చుకోవడానికి అతను ఏ షెడ్డుకు వెళ్లాలి?

ఆటోనగర్_మెకానిక్
బ్రేకులు లేవని తెలిసీ రోడ్డెక్కాడా, తెలియక ఎక్కాడా అన్నదే నాకు ముఖ్యం. తెలిసి ఎక్కినవాడికి నా దగ్గర జాలి లేదు.

సత్యనారాయణపురం_శాస్త్రి
ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. అశ్వత్థామను తలుచుకోండి. ఇంట పాలు లేక, పిండి కలిపిన నీళ్లను పాలనుకుని తాగి గంతులు వేసిన పిల్లవాడు. పెద్దయ్యాక, తన చావు గురించి చెప్పిన మాట నమ్మి అస్త్రాలు వదిలేసిన తండ్రిని చంపారు. ఇంతకంటే బాధాకరమైన గతం ఏ ఛానెల్‌కు దొరుకుతుంది? అతను రాత్రివేళ శిబిరంలో చొరబడి, నిద్రపోతున్న ద్రౌపది పిల్లలు ఐదుగురిని చంపాడు. భాగవతం ప్రథమ స్కంధం ప్రకారం అర్జునుడు అతన్ని కట్టి తెచ్చి ఆమె ముందు పడవేస్తే, తాను ఏడ్చినట్టు ఇతని తల్లి ఏడవకూడదని ద్రౌపది విడిచిపెట్టమంది. భీముడు చంపి తీరాలన్నాడు. చివరకు తలలోని మణి తీసి, జుట్టు కోసి, వెళ్లగొట్టారు.

గమనించవలసింది ఏమిటంటే, ద్రౌపది అతని గతాన్ని ఒక్క మాటలోనైనా ప్రస్తావించలేదు. పిండినీళ్ల సంగతి ఆమెకు తెలియనిది కాదు, ఆ దరిద్రంతోనే ద్రోణుడు ఆమె తండ్రి ద్రుపదుడి దగ్గరకు వెళ్లి అవమానపడ్డాడు. అయినా ఆమె కనికరించింది అశ్వత్థామ బాల్యాన్ని చూసి కాదు, అతని తల్లి కృపి ముందున్న ముసలితనాన్ని చూసి.

పటమట_పాఠకురాలు
శాస్త్రి గారి ఉదాహరణలో నాకు ఇంకొకటి కనిపిస్తోంది. బిడ్డలు పోయింది ఆమెకు కనుక కనికరించే అధికారం ఆమెకు ఉంది. హస్తినాపురం జనం వీధుల్లో చేరి 'పాపం అశ్వత్థామ' అని ఉంటే ఆమె ఏమనేదో ఆలోచించండి.

కొత్తపేట_కుర్రాడు
ఎవరి గతం మనకు వినిపిస్తారన్నది కూడా అడగాలి కదా. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి తన భార్య ప్రియుడిని కాల్చి చంపితే, జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అంది, ఒక వారపత్రిక అతన్ని నెలల తరబడి వీరుడిని చేసింది, హైకోర్టు, సుప్రీంకోర్టు జీవిత ఖైదు వేసినా 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టారు. అతనికి బాధాకరమైన గతమేమీ లేదు. తెల్లని యూనిఫారం ఉంది, పలుకుబడి ఉంది.

ఇక మన ఉమ్మడి గుంటూరు జిల్లాకు రండి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు దళిత యువకులు బస్సును దోచుకోబోయి పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది, సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. వాళ్ల పేదరికాన్ని గురించి, చంపాలన్న ఉద్దేశం లేకపోవడాన్ని గురించి మాట్లాడటానికి పౌరహక్కుల ఉద్యమకారులు, మహాశ్వేతాదేవి వంటి రచయితలు ఎంతో తిరగవలసివచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను జీవిత ఖైదుగా మార్చేవరకు ఆ ఇద్దరూ ఉరితాడు నీడలోనే బతికారు. ఈ రెండు కేసులలోని జాలిని పక్కపక్కన పెట్టి చూస్తే, జాలి కూడా కులమూ హోదా చూసే పుడుతుందని నాకు అనిపిస్తుంది. అందువల్ల పేదవాడి గతం చెప్పేవారు ఎవరైనా ఉంటే, వేణువు నచ్చకపోయినా, నేను వారి నోరు నొక్కను.

నరసరావుపేట_రావు
ఆ బస్సు తగలబడినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ తరువాత చాలాకాలం మా నాన్న తెల్లవారుజాము బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. కొత్తపేట కుర్రాడు చెప్పిన వాస్తవాలన్నీ సరైనవే, ఉరి రద్దు కావడం కూడా సరైనదేనని నేను నమ్ముతాను. కాని ఒక్క ప్రశ్న. ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికీ నాకు తెలుసు. కాలిపోయిన 23 మందిలో ఒక్కరి పేరైనా ఇక్కడ ఎవరికైనా గుర్తుందా?

కొత్తపేట_కుర్రాడు
లేదు. నాకు తెలియదు.

మిర్చిఘాటు
నాకూ తెలియదు.

విశ్రాంత_హెడ్డు
నేను 33 ఏళ్లు కానిస్టేబులుగా, హెడ్డుగా పనిచేశాను. వాటిలో చాలా ఏళ్లు బెజవాడలోనే గడిచాయి. అంత పెద్ద జంక్షన్ కనుక, ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు ఎక్కడ బయలుదేరినా చివరకు మన ప్లాట్‌ఫారం మీద దిగుతారు. అలా దిగినవాడొకడు, పదకొండేళ్లవాడు, మెడ మీద కాలిన మచ్చతో, నాకు మూడుసార్లు చిక్కాడు. మూడుసార్లూ పిల్లల హోముకు పంపించాం, మూడుసార్లూ గోడ దూకాడు. మూడోసారి వాడిని 'ఆ మచ్చ ఏమిట్రా' అని అడిగాను. 'అట్లకాడ' అన్నాడు. అంతకుమించి అడగడానికి నాకు తీరిక లేదు, ఆ రాత్రి వీఐపీ బందోబస్తు ఉంది.

పదేళ్ల తరువాత ఒక హత్య కేసులో నిందితులను వరుసగా నిలబెట్టినప్పుడు ఆ మచ్చను చూసి వాడిని గుర్తుపట్టాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. అప్పటికి వాడి మీద మా స్టేషన్లో మందపాటి ఫైలు ఉంది. పేదవాడి జీవితచరిత్రను మన ప్రభుత్వం రాయించేది ఆ ఫైలులో ఒక్కచోటే. అందులో ఏ రోజు ఎవరిని కొట్టాడో ఉంటుంది, అట్లకాడ సంగతి ఉండదు. చనిపోయినవాడు ఇద్దరు ఆడపిల్లల తండ్రి, తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మేవాడు. పంచనామాకు నేనే వెళ్లాను. నిందితుడిగా నిలబడిన వాడిని చూసి నాకు జాలి కలిగిందా అని అడిగితే చెప్పలేను. ఆ పదకొండేళ్ల పిల్లవాడిని చూస్తే మాత్రం కలిగింది, కాని వాడు అప్పటికి లేడు.

బందరురోడ్డు_బాలు
హెడ్డు గారూ, మీ పోస్టు చదివాక బ్రేకుల గురించి నేను రాసింది నాకే చవకబారుగా అనిపిస్తోంది.

కరకట్ట_కింద_ఇల్లు
ఈ వేదికలో ఎన్నడూ రాయని విషయం రాస్తున్నాను. నాకు తొమ్మిదేళ్ల వయసులో నా తండ్రి నా తల్లిని చంపాడు. అప్పుడు మాది కృష్ణలంకలో కరకట్ట కింద ఇల్లు. ఆయన జైలులో ఉన్నంతకాలం, బయటికి వచ్చాక కూడా, బంధువులందరూ ఆయన గతాన్నే చెప్పుకునేవారు. మా తాత ఆయనను స్తంభానికి కట్టి కొట్టేవాడనీ, చదువు మాన్పించి పనిలో పెట్టాడనీ, పెళ్లి కూడా ఇష్టం అడగకుండా చేశాడనీ చెప్పేవారు. 'వాడి మనసు వెన్న, కోపమే వాడి కొంప ముంచింది' అనేవారు. కొంప ముంచిన కోపం ఎవరి మీద పడిందో మాత్రం ఎవరూ అనేవారు కాదు. ఆ గతంలో అబద్ధం ఏమీ లేదు. అయితే అదే ఇంట్లో, అదే స్తంభం పక్కన మా మేనత్త కూడా పెరిగింది. నన్ను పెంచి, చదివించి, పెళ్లి చేసింది ఆమె. ఆమె గతం చెప్పుకుని జాలిపడిన వారిని నేను ఒక్కరినీ చూడలేదు.

మా అమ్మ గతాన్ని కూడా ఎవరూ చెప్పలేదు. ఆమె ఎంతవరకు చదువుకుందో నాకు ముప్పై ఏళ్లు దాటాక, పాత ట్రంకుపెట్టెలో దొరికిన టీసీ చూస్తే తెలిసింది. ఎనిమిదో తరగతి. ప్రవర్తన 'సంతృప్తికరం' అని రాసి ఉంది.

తండ్రి మీద నాకు జాలి లేదా అంటే ఉంది. ఆఖరి రెండేళ్లు ఆయన మందులు నేనే కొన్నాను, ఆయన చేతులు వణుకుతుంటే అన్నం కలిపి పెట్టాను. అది నా జాలి, నేను ఇరవై ఏళ్లు ఆలోచించుకుని ఇచ్చినది. బజారులో ఎవరో 'పాపం, అతను కూడా ఎంత అనుభవించాడో' అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మిర్చిఘాటు
అమ్మా, సగం జైల్లో సగం ఆసుపత్రిలో అని నేను మొదట వేసిన హాస్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నా అభిప్రాయం మారలేదు, మాట తీరు మాత్రం తప్పే.

నిద్రలేని_నర్సు
అందరినీ ఒకటి అడగాలి. పిల్లలకు పురుగుమందు తాగించి తాను కూడా తాగిన తల్లులను నా ఉద్యోగంలో కొందరిని చూశాను. కొన్నిసార్లు పిల్లలు పోతారు, తల్లి బతుకుతుంది. వార్డులో ఆమె మంచం పక్కన పోలీసు కూర్చుంటుంది. చట్టం ప్రకారం ఆమె హంతకురాలే. ఆమె గతం విని ఏడవని ఆయాను నేను చూడలేదు, నేనూ ఏడ్చాను. ఆ పిల్లలు కూడా ఒకరి చేతిలో చనిపోయినవారే కదా. మరి ఇక్కడ జాలి ఎందుకు తప్పనిపించదు?

ఆటోనగర్_మెకానిక్
ఆమె తానూ చావాలనుకుంది కనుక. కాటా గుమాస్తాను పొడిచినవాడు పారిపోయాడు.

పటమట_పాఠకురాలు
ఆ తేడా ఉంది, కాని పూర్తిగా సరిపోదు. ఆ పిల్లల తరఫున మాట్లాడేవారు ఎవరూ మిగలకపోవడం వల్ల కూడా మనకు జాలి సులువవుతోందేమోనని నాకు అనుమానం. ఆ పిల్లలలో ఒకరు బతికి ఉండి ఇక్కడ రాస్తే ఏమి రాసేదో పైన కరకట్ట గారు రాసింది చదివాక ఊహించగలను.

ప్లీడరు_గుమాస్తా
నర్సు గారి ప్రశ్నకు కోర్టులు కూడా ఇబ్బంది పడ్డాయి. హత్యానేరాన్ని తగ్గించాలంటే అప్పటికప్పుడు కలిగిన తీవ్రమైన రెచ్చగొట్టుడు ఉండాలన్నది పాత సూత్రం. పిల్లలతో బావిలో దూకి తాను బతికిన తల్లి విషయంలో 1989లో మద్రాసు హైకోర్టు, పిల్లలను బావిలో వేసిన నల్లతంగాళ్ అనే తమిళ జానపద కథను తలుచుకుని, ఏళ్ల తరబడి పేరుకున్న యాతనను కూడా లెక్కలోకి తీసుకోవచ్చునని చెప్పింది.

ఇక అసలు సంగతి. ఛానెల్ జాలి వల్ల శిక్ష తగ్గిపోతుందన్న భయం చాలామందిలో కనిపిస్తోంది. హత్య రుజువైతే పాత శిక్షాస్మృతి 302 ప్రకారమైనా, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103 ప్రకారమైనా, శిక్ష రెండే రకాలు: మరణశిక్ష లేదా జీవిత ఖైదు. ఎంత కష్టాల బాల్యమైనా దానిని జీవిత ఖైదు కంటే కిందికి దించలేదు. గతానికి నిజమైన పని పడేది ఆ రెండింటిలో ఏది వేయాలన్న ఘట్టంలోనే. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నేరాన్నే కాక నేరస్థుడిని కూడా చూడాలనీ, అరుదైన వాటిలో అత్యంత అరుదైన సందర్భంలో తప్ప ఉరి వద్దనీ చెప్పింది. 2022లో మనోజ్ కేసులో ఇంకా ముందుకెళ్లి, అటువంటి కేసులలో ముద్దాయి బాల్యం, ఇంట్లో హింస, చదువు, మానసిక స్థితి, జైలులో ప్రవర్తన గురించిన వివరాలను విచారణ కోర్టు దశలోనే తెప్పించుకోవాలని ఆదేశించింది. గతాన్ని సాక్ష్యంగా, సంతకాలతో, ఎదుటి పక్షం ప్రశ్నించగలిగేలా చెప్పే చోటు అది. యూట్యూబులో ఎదురు ప్రశ్న వేసేవారు ఉండరు.

నా అనుభవంలో శిక్ష గురించి అడిగే ఆ ఘట్టం చాలాసార్లు పది నిమిషాలలో ముగుస్తుంది. 'నీవు చెప్పుకునేది ఏమైనా ఉందా?' అని అడిగితే, అతను చేతులు కట్టుకుని 'ముసలి తల్లి ఉంది బాబూ' అంటాడు. అదే రికార్డవుతుంది. అట్లకాడలు అక్కడికి కూడా చేరవు.

కొత్తపేట_కుర్రాడు
అంటే వినవలసిన చోట పది నిమిషాలు, వినకూడని చోట 40 నిమిషాలు.

విశ్రాంత_హెడ్డు
కుర్రాడు సరిగ్గా పట్టుకున్నాడు.

బ్రాడీపేట_నాలుగో_లైను
ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు. నేను మొదట అడిగినప్పుడు 'జాలి అక్కరలేదు' అనే జవాబు కోసమే అడిగాను, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు అతని బాల్యం అబద్ధమని గాని, చెప్పకూడదని గాని అనను. కరకట్ట గారి పోస్టును వెనుక వాటా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి, భర్త పాత ఫొటో ఒకటి తెచ్చి చూపించింది. యార్డులో బస్తాల మీద కూర్చుని, దబ్బనం చెవి వెనుక పెట్టుకుని నవ్వుతున్న కుర్రవాడు. ఛానెల్ వారికి ఇవ్వనని చెప్పింది.

ప్లీడరు_గుమాస్తా
ఆవిడకు పరిహారం ఏమైనా అందిందా?

బ్రాడీపేట_నాలుగో_లైను
కేసు తేలేదాకా ఏమీ రాదని ఎవరో చెప్పారట. ఆవిడ ఎక్కడా అడగలేదు.

ప్లీడరు_గుమాస్తా
అది తప్పుడు సమాచారం. బాధితుల పరిహార పథకం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులోకి 2009లో అమలైన సవరణతో 357ఏ సెక్షనుగా వచ్చింది, కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 396. నేరస్థుడు దొరకని కేసులో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి, రుసుము ఉండదు. గడువు నిబంధన ఉంటుంది కనుక ఇక ఆలస్యం చేయవద్దు.

బ్రాడీపేట_నాలుగో_లైను
సోమవారం సెలవు పెట్టి నేనే తీసుకువెళ్తాను. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

ప్లీడరు_గుమాస్తా
ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. ఆయన సంపాదన మీదే ఇల్లు గడిచేదని చూపడానికి యార్డులో పనిచేసినట్టు కమిషన్ ఏజెంటు దగ్గర ఒక లేఖ తీసుకోండి. అందులో ఆయన ఏ వయసు నుంచి అక్కడ పనిచేస్తున్నారో కూడా రాయించండి.